ఆగిన చోటి నుంచి

నేను ఒక ఆడపిల్లల సైకిలును. నీలం రంగు ఒళ్ళు, ముందు తీగల బుట్ట, వెనక క్యారియరు, బట్టలు చిక్కుకోకుండా చైను మీద రేకు మూత. అందం గురించి ఎవరిది వాళ్ళు చెప్పుకోకూడదు గానీ, నా బెల్లు మాత్రం బాగుంటుంది. ఒకసారి మీటితే రెండుసార్లు మోగుతుంది. విజయవాడ కృష్ణలంకలో ఒక సందులో ఉంటాను. ఈ ఊళ్ళో నాకంటే వేగంగా పోయే బళ్ళు ఎన్నో ఉన్నాయి. నాకంటే ఖరీదు తక్కువ బండి బహుశా ఒక్కటీ లేదు. అయినా నా కథ చెప్పుకోవాలని ఎందుకు అనిపించిందంటే, ఊరంతా ఆగిపోయిన రోజుల్లో కదిలిన కొద్దిమందిలో నేనూ ఒకదాన్ని. నన్ను కదిలించిన మనుషుల మేలు చెప్పుకోవాలి. నాకు నోరు లేదు, బెల్లు ఉంది. దానితో చెప్పగలిగింది కొంచెమే.

నేను పుట్టింది పంజాబులో. ఒక పెద్ద కార్ఖానాలో గొట్టాలు కోసి, వంచి, అతికి, రంగు తొట్టెలో ముంచి ఎత్తారు. ఆ పూట నాతోపాటు కొన్ని వందల మంది పుట్టారు. అందరిదీ ఒకటే పోలిక, ఎవరు ఎవరో మాకే తెలియదు. చక్రాలు ఒక కట్ట, హ్యాండిళ్ళు ఒక కట్ట, సీట్లు ఒక సంచి, ఇలా ముక్కలుగా లారీ ఎక్కించి దక్షిణానికి పంపారు. విజయవాడలో ఒక ప్రభుత్వ బడి ఆవరణలో మమ్మల్ని బిగించి కాళ్ళ మీద నిలబెట్టారు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు పంచే సైకిళ్ళం మేము. బిగించడానికి వచ్చిన మేస్త్రీ పనిమంతుడే గానీ మర్నాడే సభ. ఎవరో పెద్దాయన వస్తారు, ఫొటోలు తీస్తారు. వరసలో తేడా కనిపించకూడదని అందరి సీట్లూ ఒకే ఎత్తున, పైకి లాగి బిగించాడు. తొక్కబోయే పిల్లలు పొడుగో పొట్టో అతనికి ఎవరూ చెప్పలేదు. ఫొటోలో మాత్రం మేము చాలా బాగా వచ్చాం.

సభలో ఆ పెద్దాయన, ఇక దూరం మీ చదువుకు అడ్డు కాదమ్మా అని ఆడపిల్లలకు చెప్పి, నన్ను గౌతమి అనే పిల్లకు అందించారు. గౌతమి ఇంటికీ ఆ బడికీ మధ్య దూరం ఒక గోడ. గంట వినబడ్డాక చెయ్యి కడుక్కుని బయల్దేరినా ప్రార్థనకు అందేది. అయినా వాళ్ళమ్మ భ్రమరాంబ నన్ను ఎంతో మర్యాదగా చూసుకుంది. పసుపు రాసి బొట్టు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. కార్ఖానాలో నా సీటుకు తొడిగిన ప్లాస్టిక్ కవరును, దాని కింద గొట్టం చుట్టూ కట్టిన తాడును మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కవరు తీస్తే కొత్తదనం పోతుందని ఆవిడ నమ్మకం. వాళ్ళింట్లో టీవీ రిమోటుకు కవరు, మిక్సీకి కవరు, గోడ గడియారానికి కూడా కవరే. మనుషులు తమకు బాగా నచ్చిన వస్తువును వాడుకోరు, దాచుకుంటారు. అలా ఏడాదిన్నర నేను మెట్ల కింద ఉన్నాను. నా హ్యాండిలు మీద తువాళ్ళు ఆరేవి. బుట్టలో ఉల్లిపాయలు ఉండేవి. ఆదివారం పూట గౌతమి సందు చివరిదాకా తొక్కి, తిప్పుకొచ్చి మళ్ళీ అక్కడే పెట్టేది. పొడుగు పిల్ల కాబట్టి నా సీటు ఎత్తు ఆమెకు అడ్డు రాలేదు.

అదే వాకిట్లో వెనక గదిలో నాంచారమ్మ ఉండేది. నలభై ఏడేళ్ళ మనిషి, పొట్టి. భర్త పోయి ఎనిమిదేళ్ళు. పటమటలో ఒక డయాలసిస్ సెంటరులో ఆయాగా చేసేది. కిడ్నీలు పనిచేయని వాళ్ళను అక్కడ మిషను పక్కన పడుకోబెట్టి రక్తం శుభ్రం చేస్తారు. ఒక్కొక్కరికి నాలుగు గంటలు, వారానికి మూడుసార్లు. ఒక జట్టు లేచి మరో జట్టు పడుకునేలోగా మంచాలు తుడవాలి, దుప్పట్లు మార్చాలి, నేల కడగాలి. అది నాంచారమ్మ పని. ఆ పని మీదే ఆమె బతుకు నడిచేది. పొద్దున పంపు నీళ్ళు పట్టుకుని సిటీ బస్సెక్కితే బెంజి సర్కిలు దాటి దించేది. బస్సు రాని రోజు ఒకటి ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మార్చిలో ఒక ఆదివారం ఊరు ఆగింది. మొదట ఒక్కరోజే అన్నారు. తరవాత మూడు వారాలన్నారు. ఆ తరవాత ఎన్ని వారాలో చెప్పడం మానేశారు. బస్సులు డిపోలు చేరాయి. ఆటోల మీద దుమ్ము పేరుకుంది. మా సందు మొదట్లో వెదురు కర్రలు అడ్డం కట్టారు. దుకాణాల ముందు సున్నంతో గుండ్రాలు గీసి జనాన్ని వాటిలో దూరందూరంగా నిలబడమన్నారు. జనం తమ సంచుల్ని గుండ్రాల్లో నిలబెట్టి, తాము చెట్టు నీడన ఒకచోట చేరి, దూరం పాటించని వాళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

రోగం భయం ఊరిని లోపల కూర్చోబెట్టింది గానీ, కిడ్నీలకు ఆ సంగతి తెలియదు. సెంటరు ఒక్కరోజు కూడా మూయలేదు. నలుగురు ఆయాల్లో ముగ్గురు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు, వాళ్ళకు దారి లేదు. సూపర్వైజరు విఠల్ గారు నాంచారమ్మకు ఫోను చేసి, మంచం తుడిచే మనిషి లేకపోతే రెండో జట్టును పడుకోబెట్టలేమమ్మా, ఎలాగైనా రా అన్నారు. ఆమె నడిచింది. పోను ఐదు కిలోమీటర్లు, రాను ఐదు కిలోమీటర్లు, మధ్యలో పది గంటలు నిలబడి పని. ఏప్రిల్ ఎండకు తారు మెత్తబడింది. పదో రోజు సాయంత్రం ఆమె వాకిట్లోకి వచ్చి మెట్ల దగ్గర కూలబడి చెప్పులు తీయబోతే అవి రాలేదు. పాదాలు అంతగా పొంగాయి. నేను పక్కనే ఉన్నాను, తువాలు కప్పుకుని.

గౌతమి ఆ పాదాలు చూసింది. తరవాత నన్ను చూసింది.

"పెద్దమ్మా, సైకిలు నేర్చుకో."

"ఈ వయసులో నేను సైకిలెక్కితే ఊరంతా బయటికొచ్చి చూస్తారే."

"ఊరంతా లోపలుంది పెద్దమ్మా. బయటికొస్తే పోలీసులు కొడతారు."

నాంచారమ్మ నవ్వింది. ఆ నవ్వులోనే సగం ఒప్పుకోలు ఉంది. మిగతా సగం భ్రమరాంబ నుంచి రావాలి. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, తీసుకెళ్ళక్కా, నీ కాళ్ళు చూడలేకపోతున్నాను అంది. అని, కవరు మాత్రం తీయకు అంది. నాంచారమ్మ తీయనని మాట ఇచ్చింది. ఎరువు తెచ్చుకున్న వస్తువు మీద కవరు తీయడమంటే అది తనదే అనుకోవడం కదా. అంత తెలివితక్కువగా ఆమె ఎప్పుడూ ప్రవర్తించలేదు.

కృష్ణా నది కట్ట పక్క రోడ్డు మీద, పొద్దున్నే ఆరింటికి, గౌతమి నా క్యారియరు పట్టుకుని పరుగెత్తింది. నాంచారమ్మ బరువంతా భయంగా నా మీద కూర్చుంది. సరదాకి ఎక్కినవాళ్ళ బరువు నాకు తెలుసు, అవసరానికి ఎక్కినవాళ్ళ బరువు ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. మొదటి రోజు కంపలో పడ్డాం. రెండో రోజు కరెంటు స్తంభాన్ని వెతుక్కుంటూ వెళ్ళి గుద్దుకున్నాం. ఆ రోడ్డు మీద అదొక్కటే స్తంభం. ఐదో రోజు గౌతమి ఎప్పుడు వదిలేసిందో మా ఇద్దరికీ తెలియదు.

ఒక్క లోటు ఉండిపోయింది. సీటు మీద కూర్చుంటే నాంచారమ్మ కాలు నేలకు అందేది కాదు. ఎక్కాలంటే ఒక అరుగో మెట్టో పక్కన ఉండాలి. దిగాలంటే బ్రేకు నొక్కి ఎడమ పక్కకు ఒక దూకు దూకాలి. ఆ రోజుల్లో అది లోటని ఎవరికీ తోచలేదు. వాకిట్లో మెట్టు మీద నుంచి బయల్దేరితే సెంటరు ముందు దూకేదాకా ఎక్కడా ఆగే పని లేదు మరి. మా సందు కర్రల దగ్గర కాపలావాళ్ళు ఆమె మెడలో సెంటరు కార్డు చూసి కర్ర ఎత్తేవాళ్ళు. బందరు రోడ్డు మొత్తం మా ఇద్దరిదే. సిగ్నలు దీపాలు ఎవరి కోసమో ఎర్రగా, పచ్చగా మారుతూనే ఉండేవి. కాలవ నీళ్ళలో అడుగున రాళ్ళు కనిపించాయి. నా బెల్లు అంత దూరం వినిపిస్తుందని నాకే తెలియదు, ఒకసారి మీటితే ఎదురు మేడల నుంచి మూడోసారి కూడా మోగేది.

బెంజి సర్కిలు దగ్గర ఇనుప అడ్డాలు పెట్టి ఒక కానిస్టేబులు నిలబడేవాడు. మొదటి రోజు ఆపాడు. నాంచారమ్మ దూకి, మెడలో కార్డు చూపించింది. వెళ్ళమన్నాడు. ఆమె వెళ్ళలేదు. ఎక్కడానికి ఎత్తు కావాలి సార్ అంది. అతను లాఠీ చంకలో పెట్టుకుని చుట్టూ చూసి, ఇసక మూట ఒకటి ఈడ్చుకొచ్చి వేశాడు. మర్నాటి నుంచి దూరంగా మమ్మల్ని చూడగానే అడ్డం పక్కకు లాగేసేవాడు, ఆమె దిగే పని లేకుండా. ఊరందరికీ అడ్డం వేయడం అతని ఉద్యోగం. ఒక్క మనిషికి అడ్డం తీయడం అతని మంచితనం. ఆ మంచితనం వల్ల నాంచారమ్మకు ఆగి బయల్దేరడం ఎలాగో నేర్చుకునే అవసరం రాలేదు, అది వేరే సంగతి. అతని పేరు కూడా మాకు తెలియదు. మాస్కు పైన రెండు కళ్ళు, అంతే.

రెండు నెలలు అలా గడిచాయి. ఒక్కరోజు కూడా రెండో జట్టు మంచాలు ఆగలేదు. అది నేను గర్వంగా చెప్పుకునే మాట.

జూన్‌లో ఊరు తలుపులు తీసింది. సిటీ బస్సులు ఇంకా రాలేదు. ఆటోలు వచ్చాయి గానీ డ్రైవరుకూ వెనకవాళ్ళకూ మధ్య ప్లాస్టిక్ తెర కట్టుకుని వచ్చాయి. పరాయి మనిషి పక్కన కూర్చోవడమంటే జనానికి వణుకు. దాంతో ఎవరికి వాళ్ళు పాత స్కూటరో, ఎవరో వదిలేసిన మోపెడో వెతికి కొనుక్కున్నారు. ఇంటికొకటి ఉన్నచోట రెండయ్యాయి. ఎడం పాటించాలని ఊరంతా ఒకేసారి బళ్ళెక్కి రోడ్డు మీదికొచ్చి హ్యాండిలుకు హ్యాండిలు రాసుకుంది. సందు మలుపు నుంచి సర్కిలు దాకా ఎప్పుడూ లేనంత రద్దీ.

అప్పుడు బయటపడింది మా లోటు. సెంటరుకు నాలుగు సిగ్నళ్ళు దాటాలి. ఎర్ర దీపం పడితే ఆగాలి. ఆగితే దూకాలి. దూకితే మళ్ళీ ఎక్కడానికి మెట్టు కావాలి. నడిరోడ్డు మీద మెట్టు ఎక్కడిది? నాంచారమ్మ నన్ను నడిపించుకుంటూ సిగ్నలు దాటి, ఎత్తు దొరికేదాకా నడిచేది. రోడ్డు అంచు గట్టు సరిపోయేదే గానీ, కొత్తగా వచ్చిన స్కూటర్లన్నీ ఆ గట్టుకు ఆనించి పెట్టి ఉండేవి. ఒక మందుల దుకాణం మెట్టు, ఒక కల్వర్టు గోడ, పెట్రోలు బంకు ముందు ఒక దిమ్మె. ఊళ్ళో ఎక్కడ ఎంత ఎత్తు రాయి ఉందో ఆమెకు తెలిసినట్టు మునిసిపాలిటీకి కూడా తెలియదు. పాతిక నిమిషాల దారి గంట దాటింది. ముందుగా బయల్దేరదామంటే మంచినీళ్ళ పంపు ఏడూ ముప్పావుకు గానీ వదలరు. ఆ పూట పట్టుకోకపోతే మళ్ళీ మర్నాడే.

తక్కిన ముగ్గురు ఆయాలూ తిరిగొచ్చారు. సెంటరులో రోగులు తగ్గారు. కొందరు ఊళ్ళకు దగ్గరలో వేరే చోటికి మారారు, కొందరు లేరు. ఒక శుక్రవారం విఠల్ గారు నాంచారమ్మను పక్కకు పిలిచారు. నేను కిటికీ బయట గోడకు ఆనుకుని ఉన్నాను, అన్నీ విన్నాను. ఆయన ఆమె ముఖంలోకి చూడలేక చేతిలో కాగితం వైపు చూస్తూ చెప్పారు. పై వాళ్ళు నలుగురిలో ఒకరిని తగ్గించమన్నారు. వారంలో నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది ఆమె ఒక్కతే. ఎవరూ రానప్పుడు ఆమె వచ్చిందని తనకు తెలుసు, పై వాళ్ళకు తెలియదు, వాళ్ళు టైములే చూస్తారు.

"సోమవారం తొమ్మిదింటికి నువ్వు మంచాల దగ్గర ఉండాలి నాంచారమ్మా. లేకపోతే నీ పేరే రాయాల్సొస్తుంది."

ఆమె సరే సార్ అంది. వాదించలేదు. బకెట్టు తీసుకుని వెళ్ళి కిటికీ పక్క మంచం కింద తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

ఆ మంచం మీద బాజీ గారు ఉన్నారు. అరవై ఆరేళ్ళ పెద్దమనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళో సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. సోమ, బుధ, శుక్రవారాలు ఆయన వంతు. అల్లుడు మోపెడ్ మీద తెచ్చి దించేవాడు. జీవితమంతా ఊరిని మోసినవాడికి ఊళ్ళో ఒక్క బస్సు లేదమ్మా అని ఆయన నవ్వేవారు. నాలుగు గంటలు చెయ్యి కదపకుండా పడుకోవాలి కాబట్టి కిటికీలోంచి నన్ను చూస్తుండేవారు. ఇంకేం లేదు అక్కడ చూడటానికి.

"నాంచారమ్మా, సాయంత్రం పూట ఆ వాచ్‌మన్ మెట్టు దగ్గరికి సైకిల్ని ఎందుకు తోలుకెళ్తావు?"

"ఎక్కడానికి బాబాయ్."

"నేల మీద నుంచి ఎక్కలేవా?"

"కాలందదు."

బాజీ గారు నెమ్మదిగా, తన బస్సు సంగతి చెప్పారు. నిండు బస్సు ఫ్లైఓవరు ఎక్కుతుంటే మధ్యలో ఆగుతుంది. ముందు లారీ, వెనక కారు. అప్పుడు అంగుళం కూడా వెనక్కి జారకుండా బండిని లేపాలి. కొత్త డ్రైవర్లు అక్కడే ఏడుస్తారు.

"పోనివ్వడం ఎవరైనా పోనిస్తారమ్మా, ఆపడమూ అంతే. ఆగిన చోటి నుంచి లేపడం, అదీ డ్రైవింగు. నువ్వు ఖాళీ రోడ్డు మీద నేర్చుకున్నావు, అది నీకెవరూ చెప్పలేదు. సీటు దించుకోకపోయావా?"

"సీటు దిగుద్దా బాబాయ్?"

నాలుగు నెలలుగా నేను చెప్పాలనుకుంటున్న మాట అదే. దిగుతుంది. గొట్టం దగ్గర నట్టు వదులు చేస్తే నాలుగు అంగుళాలు దిగుతుంది. కానీ ఆ నట్టు కవరు కింద, తాడు ముడి వెనక ఉంది. నాంచారమ్మ అదెప్పుడూ చూడలేదు. సీటు అలాగే పుడుతుందనుకుంది. కవరు తీయనని మాటిచ్చాను బాబాయ్ అని చెప్పింది. బాజీ గారు, అయితే వెళ్ళి అడుగు, కవరు వాళ్ళది, కాళ్ళు నీవి అన్నారు. ఎడమ కాలు నేల మీద, కుడి పెడలు పైకి తెచ్చి పెట్టుకోవాలని, దీపం పచ్చబడ్డాక కాదు, ఎర్రగా ఉన్నప్పుడే అది సిద్ధం చేసుకోవాలని కూడా చెప్పారు.

ఆ సాయంత్రం భ్రమరాంబ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాంచారమ్మ నన్ను మెట్ల దగ్గర నిలబెట్టి, ఆవిడ ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు ఒలిచింది. ఉద్యోగం సంగతి చెప్పింది, సోమవారం సంగతి చెప్పింది. కవరు సంగతి చెప్పడానికి మరో నాలుగు కాయలు పట్టింది. భ్రమరాంబ విని, లేచి లోపలికి వెళ్ళింది. నాంచారమ్మ ముఖం చిన్నబోయింది. అడక్కుండా ఉండాల్సిందని గొణుక్కుంది. ఇంతలో ఆవిడ కూరగాయల కత్తి పట్టుకుని బయటికొచ్చి, నా పక్కన కూర్చుని, తాడు తనే తెంచింది.

"నాలుగు నెలలు దీని మీద ఆస్పత్రికి వెళ్ళొచ్చావు. ఇంకా కొత్తదేంటక్కా ఇది?"

కవరు ఊడింది. లోపల ఇద్దరూ చూసింది కొత్తదనం కాదు. రెండు వానాకాలాల చెమ్మ అందులో పట్టి, సీటు కింద స్ప్రింగులు ఎర్రగా తుప్పు పట్టాయి. నట్టు బిగుసుకుపోయింది. బయట ఎండావానల్లో తిరిగిన నా ఒళ్ళు నీలంగానే ఉంది, దాచిపెట్టిన చోటే పాడయ్యాను. భ్రమరాంబ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. తప్పు చేసిన పిల్లను చూసినట్టు కాదు, తను అన్యాయం చేసిన పిల్లను చూసినట్టు చూసింది. ఎక్కడిదో సీసా అడుగున మిగిలిన కిరసనాయిలు తెచ్చి నట్టు మీద పోసింది. శనివారమంతా అది నానింది. ఆదివారం పొద్దున గౌతమి పంచరు షాపు నుంచి పానా తెచ్చి, రెండు చేతులా పట్టి తిప్పితే కిర్రుమని కదిలింది. సీటు దిగింది. నాంచారమ్మ కూర్చుంది. ఎడమ పాదం చాపితే వేళ్ళు, మడమ, మొత్తం నేలకు ఆనాయి. ఆమె అలా కొంతసేపు కదలకుండా ఉండిపోయింది.

ఆ రోజంతా కట్ట పక్క రోడ్డు మీద గౌతమి ఎర్ర తువాలు పట్టుకుని నిలబడింది. ఎత్తితే ఆగాలి, దించితే బయల్దేరాలి. అరుగుల మీద ఈసారి జనం ఉన్నారు. ఒకతను, నాంచారమ్మత్తా, లైసెన్సు ఎప్పుడిస్తున్నారు అని అరిచాడు. నీ మాస్కు గడ్డం మీంచి ముక్కు మీదికొచ్చిన రోజు అంది ఆమె, ఆగకుండానే. అరుగంతా నవ్వింది. ఇరవై సార్లు లేస్తే పదిహేనుసార్లు తూలింది. చీకటి పడేసరికి తూలడం సగం తగ్గింది. సగం మిగిలింది.

సోమవారం పంపు నీళ్ళు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాయి. నాంచారమ్మ బిందె నిండేదాకా పంపు వైపు చూడలేదు, నా వైపే చూసింది. నిండగానే లోపల పెట్టి, తలుపు లాగి, మెట్టు జోలికి పోకుండా నేల మీదనుంచే ఎక్కింది. అది చూసి గౌతమి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది, అప్పుడే కాదన్నట్టు.

మొదటి సిగ్నలు దగ్గర ఎర్ర దీపం. ఆగింది. పాదం ఆనింది. కానీ పెడలు పైకి తెచ్చి పెట్టుకోవడం మరిచిపోయింది. పచ్చ దీపం పడగానే కాలు జారి పెడలు ముంగాలికి తగిలింది, చర్మం గీరుకుంది. వెనక బళ్ళన్నీ ఒక్కసారి హారన్లు మోగించాయి. పక్కకి జరుగమ్మా అని ఎవరో కసిరారు. ఆమె జరగలేదు. పక్కకు జరిగితే మళ్ళీ మెట్టు వెతుక్కోవాలి. అక్కడే నిలబడి, పెడలు పైకి తెచ్చుకుని, ఒత్తి, లేచింది. రెండో సిగ్నలు పచ్చగానే దొరికింది. మూడోది బెంజి సర్కిలు. అక్కడ బళ్ళ సముద్రంలో కానిస్టేబులు చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. అతనే, అవే కళ్ళు. ఈసారి అడ్డం తీయడానికి అడ్డమే లేదు, చెయ్యి అందరికీ ఒకటే. లారీ ఆగింది, కారు ఆగింది, మేమూ ఆగాం. పాదం నేల మీద, పెడలు పైన. అతని చెయ్యి దిగింది. ఆ క్షణంలో ఆమె బరువు పాదం మీద నుంచి పెడలు మీదికి వచ్చిన తీరు నాకు ఇప్పటికీ గుర్తు. తూలలేదు. లారీ ఇంకా గేరు వెతుక్కుంటుండగానే మేము సర్కిలు సగం దాటాం. నాలుగో సిగ్నలు దగ్గరా అలాగే ఆగి లేచాం.

తొమ్మిదికి ఎనిమిది నిమిషాలు ఉండగా నన్ను గోడకు ఆనించింది. విఠల్ గారు గడియారం చూశారు, ఆమె మోకాలి కింద చీర మీద రక్తపు చుక్క చూశారు. ఉతికిన దుప్పట్ల దొంతర ఆమె చేతుల్లో పెట్టారు. పెట్టేటప్పుడు ఆయన చేతులు కొంచెం తేలికపడ్డట్టు అనిపించింది. ఆ నెలాఖరులోనే ఒక ఆయా సొంత ఊళ్ళో పని చూసుకుని తనే మానుకుంది. ఎవరి పేరూ రాయలేదు. కానీ ఆ సోమవారం ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ పూట బాజీ గారిని మంచం మీద పడుకోబెట్టాక నాంచారమ్మ ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"ఎన్నిచోట్ల ఆగావు?"

"మూడుచోట్ల బాబాయ్."

"లేచావా?"

"ఒకచోట జారాను. లేచాను."

ఆయన కళ్ళు మూసుకున్నారు. దుప్పటి కింద ఆయన ఎడమ పాదం మెల్లగా కిందికి నొక్కుకుని, ఇంకా మెల్లగా పైకి లేచింది, నిండు బస్సులో క్లచ్చి వదిలినట్టు. కిటికీలోంచి నేను చూశాను.

సెప్టెంబరులో సిటీ బస్సులు వచ్చాయి, సగం సీట్ల మీద కొట్టివేత గుర్తులతో. తరవాత ఆ గుర్తులూ పోయాయి. మనుషులు మళ్ళీ పరాయి మనిషి భుజానికి భుజం తగిలించుకుని ప్రయాణం చేస్తున్నారు. అది చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. నాంచారమ్మ మాత్రం బస్సుకు తిరిగి వెళ్ళలేదు. భ్రమరాంబ నన్ను తిరిగి అడగలేదు. గౌతమి పాలిటెక్నిక్‌లో చేరి బస్సులో వెళ్తోంది. బాజీ గారు మరో రెండేళ్ళు ఆ కిటికీ పక్కన పడుకున్నారు. ఇప్పుడు ఆ మంచం మీద వేరే ఆయన ఉంటారు. అటు తిరిగి పడుకుంటారు, నన్ను చూడరు.

నాకు వయసొచ్చింది. రెండుసార్లు టైర్లు మారాయి, చైను మూత ఒక పక్క ఊడింది. ఎప్పుడో ఒకరోజు పాత సామాను కొట్టుకు వెళ్తాను, తెలుసు. అందాకా నాకు ఒక ఇష్టం ఉంది, సైకిళ్ళకు ఉండకూడని ఇష్టం. ఎర్ర దీపం. అది వెలిగితే నాంచారమ్మ పాదం నేలకు ఆనుతుంది. ఆమె ఊపిరి ఒకసారి వదులుతుంది. ఒక పక్క బస్సు, ఒక పక్క కారు, అందరం ఒకే గీత వెనక నిలబడతాం. కుడి పెడలు అప్పటికే పైకి వచ్చి ఉంటుంది.